మిలటరీ పెద్దమ్మ కాగితాలు



చలికాలం వచ్చింది. తెల్లారి తలుపు తీస్తే ఎదురిల్లు కనపడదు. అంతా పొగమంచు. ఇలాంటి ఒక పొద్దున మన కేంద్రంలో చదువుకునే ఒక పెద్దమ్మ, నేను కలిసి మోటారు సైకిలు మీద జిల్లా కేంద్రానికి వెళ్లాం. ఎందుకు వెళ్లాం? దారిలో ఏం జరిగింది? ఈ పాఠంలో చదువుదాం.

పెట్టెలో కాగితాలు

ఊళ్లో అందరూ ఆమెను మిలటరీ పెద్దమ్మ అంటారు. ఆమె భర్త సైన్యంలో పనిచేశారు. 1967లో చేరారు. జబల్‌పూర్‌లో శిక్షణ పొందారు. 1983లో పింఛనుతో ఇంటికి వచ్చారు.

సైన్యంలో ఆయన పని డిస్పాచ్ రైడర్. అంటే ఉత్తరాలు, హుకుములు మోటారు సైకిలు మీద చేరవేసే జవాను. ఫోన్లో, వైర్లెస్‌లో చెప్పకూడని మాటలు కొన్ని ఉంటాయి. శత్రువు వింటాడు కదా! అలాంటివి కాగితం మీద రాసి ఈ జవాన్ల చేతికిచ్చి పంపేవారు. వాన వచ్చినా, మంచు కురిసినా ఆ కాగితం చేరాల్సిందే.

1971 డిసెంబరు 3న మన దేశానికి, పాకిస్తాన్‌కు యుద్ధం మొదలైంది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. బంగ్లాదేశ్ అనే కొత్త దేశం నిలబడింది. ఆ రోజుల్లో పెదనాన్న పంజాబ్ సరిహద్దులో ఉన్నారు. అక్కడ చలి మన చలి లాంటిది కాదు. ఎముకలు కొరుకుతుంది. ఆ చలిలో రాత్రిపూట బండి నడిపారు.

ఆ చలికాలమంతా పెద్దమ్మకు ఆయన దగ్గర నుంచి ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ చదివి వినిపించాడు.

"దండు మొత్తానికి ఉత్తరాలు మోసిన మనిషి. ఆయన నాకు రాసిన ఉత్తరం నేను చదువుకోలేకపోయాను బాబూ" అని పెద్దమ్మ ఒకసారి నాతో అంది. అందుకే ముసలితనంలో పలక పట్టింది.

2022 ఆగస్టులో పెదనాన్న చనిపోయారు. ఆయన పింఛను ఆగిపోయింది. మనిషితోనే పింఛను కూడా పోయిందని పెద్దమ్మ అనుకుంది. అప్పుడు ఒకాయన ఇంటికి వచ్చాడు. తెల్ల కాగితం ముందు పెట్టాడు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యి. పింఛను నేను తెప్పిస్తా. వచ్చిన దాంట్లో సగం నాది" అన్నాడు.

పెద్దమ్మ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద ఏమీ రాయలేదే! నేను చదవలేని కాగితం మీద వేలు పెట్టను. నాకు సంతకం వచ్చు" అంది.

అతను వెళ్లిపోయాడు. ఆ రాత్రి పెద్దమ్మ ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని మన కేంద్రానికి వచ్చింది. ఒక్కొక్క కాగితం తీశాం. డిశ్చార్జి పుస్తకం ఉంది. పింఛను ఉత్తర్వు ఉంది. దీన్నే పీపీఓ అంటారు. బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డు, మరణ ధ్రువపత్రం ఉన్నాయి. తెలుగులో ఉన్నవి ఆమే చదివింది. ఇంగ్లీషులో ఉన్నవి నేను చదివి చెప్పాను.

అప్పుడు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, పింఛను తీసుకునే జవాను చనిపోతే భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. అది ఆమె హక్కు. రెండు, సైన్యం కాగితాల్లో పెద్దమ్మ పేరు ముందు పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంది. ఇద్దరూ ఒకే మనిషి అని చూపించాలి. అందుకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి.

బయలుదేరే ముందు

మా ఊరి నుంచి జిల్లా కేంద్రం 40 కిలోమీటర్లు. 2022 డిసెంబరు 7న వెళ్దామనుకున్నాం. నేను ఆరింటికే బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టాను. పెద్దమ్మ నవ్వింది.

"మీ పెదనాన్నకు హుకుం ఉండేది. చీకట్లో పోయేవారు. మనకేం హుకుం ఉంది బాబూ? పొద్దెక్కనీ" అంది.

ఏడున్నర దాకా ఆగాం. మంచు కొంచెం పలచబడింది. ఈలోగా ఆమె నా బండి చుట్టూ తిరిగి చూసింది. "ఆయన చెప్పేవారు, చెవిన పడింది" అంటూ నాకే పాఠం చెప్పింది.

"చలికి టైర్లలో గాలి తగ్గుతుంది. నొక్కి చూడు. దీపం అద్దం మీద తడి ఉంది. ముందుదీ తుడువు, వెనకదీ తుడువు. నువ్వు చూడటమే కాదు, నిన్ను కూడా జనం చూడాలి."

తర్వాత పాత వార్తా పత్రిక ఒకటి తెమ్మంది. నా స్వెట్టరు లోపల, ఛాతీ మీద ఆ కాగితం పరిచింది. నిజంగానే గాలి లోపలికి రాలేదు! స్వెట్టరు వెచ్చగా ఉంటుంది కానీ, అల్లికలోంచి గాలి దూరుతుంది. కాగితం గాలిని ఆపుతుంది.

"చదివిన పేపరే పెట్టుకోవాలి. చదవనిది పాడు చేయకూడదు" అని నవ్వింది.

పెద్దమ్మకు కూడా హెల్మెట్ ఇచ్చాను. వెనక కూర్చున్న వాళ్లకూ హెల్మెట్ ఉండాలి. అది చట్టం. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనాలి. పట్టీ గడ్డం కింద బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెట్ పడగానే ఊడిపోతుంది.

చీర కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. శాలువా కొసలు స్వెట్టరులోకి నెట్టింది. కొంగు గానీ శాలువా గానీ చక్రంలో పడితే ప్రాణానికే ముప్పు. బండి వెనక చక్రానికి చీర గార్డు ఉండాలి. కానీ గార్డు ఉంది కదా అని కొంగు వదిలేయకూడదు.

మంచులో దారి

కాలవ గట్టు ఎక్కేసరికి మళ్లీ దట్టంగా మంచు. నేను పెద్ద లైటు వేశాను. ఎదురుగా తెల్లగోడ లేచినట్లయింది. ఏమీ కనపడలేదు.

"దించు, లైటు దించు!" అంది పెద్దమ్మ.

మంచు అంటే గాలిలో తేలే సన్నని నీటి బొట్లు. పెద్ద లైటు వేస్తే వెలుతురు ఆ బొట్ల మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్ లైటు కిందికి పడుతుంది. రోడ్డు కనపడుతుంది.

అది సార్వా కోతల కాలం. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, బరకాలు కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. ట్రాక్టర్ల నుంచి రాలిన బురద మంచుకు తడిసి జారుతోంది. అయినా ఆఫీసు వేళ అవుతోందని నేను వేగం పెంచాను.

"ఆపు బాబూ!" అని పెద్దమ్మ నా భుజం గట్టిగా నొక్కింది.

ఎదురుగా ధాన్యం బస్తాల ట్రాక్టరు ఆగి ఉంది. వెనక దీపం లేదు. ఎర్ర స్టిక్కరు కూడా లేదు. బ్రేకు నొక్కాను. చలికి నా వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. చెయ్యి ఆలస్యంగా కదిలింది. బండి కొంచెం జారి, ట్రాక్టరుకు రెండు మూరల దూరంలో ఆగింది. నా గుండె దడదడలాడింది.

తప్పు నాదే. ఒక లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. మంచులో 20 మీటర్ల దూరమే కనపడితే, ఆలోచించడానికి రెండు సెకన్లు కూడా ఉండవు. అందుకే కనపడే దూరంలో ఆగగలిగినంత వేగమే పోవాలి.

పెద్దమ్మ నన్ను తిట్టలేదు. "వేళ్లకు తెలివి రానీ. మీ పెదనాన్న కూడా అంతే చేసేవారట. వేళ్లు మొద్దుబారితే దిగి, చంకల్లో చేతులు పెట్టుకునేవారట" అంది.

బండిని రోడ్డు దింపి, పక్కనున్న టీ కొట్టు దగ్గర ఆగాం. అక్కడ ఆమెకు ఒక సంగతి చెప్పాను. 2018 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర కవాతులో సరిహద్దు భద్రతా దళం ఆడవాళ్లు మోటారు సైకిళ్ల మీద విన్యాసాలు చేశారు. ఆ జట్టు పేరు సీమా భవాని.

పెద్దమ్మ టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నవ్వింది. "మీ పెదనాన్న నన్ను బండి వెనక కూర్చోబెట్టడానికే సిగ్గుపడేవారు" అంది.

సైనిక కార్యాలయంలో

ఆఫీసులో ఆ రోజు సందడిగా ఉంది. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు చిన్న జెండాలు ఇచ్చి విరాళాలు తీసుకుంటారు. ఆ జెండాలో మూడు రంగులుంటాయి. ఎరుపు సైన్యానికి, ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వాయుసేనకు గుర్తు. ఆ డబ్బు యుద్ధంలో గాయపడినవారికి, చనిపోయిన జవాన్ల కుటుంబాలకు, మాజీ సైనికులకు సాయంగా వెళ్తుంది.

అక్కడి ఉద్యోగి కూడా మాజీ జవానే. పెద్దమ్మ చేతిలో డిశ్చార్జి పుస్తకం చూడగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. కాగితాలన్నీ వరసగా పెట్టాడు. ఇంటిపేరు సంగతికి ప్రమాణపత్రం రాయించాలన్నాడు. జబల్‌పూర్‌లోని రికార్డు ఆఫీసుకు పంపాల్సిన దరఖాస్తు నింపాడు.

పెద్దమ్మ సంతకం పెట్టే ముందు, "ఇందులో ఏముందో చదివి చెప్పు నాయనా" అని అడిగింది. ఆయన విసుక్కోలేదు. మొత్తం చదివి తెలుగులో చెప్పాడు. అప్పుడు మూడు చోట్ల సంతకం పెట్టింది. ప్రతి అక్షరం గుండ్రంగా, నెమ్మదిగా రాసింది. ప్రతి కాగితానికి నకలు, దరఖాస్తు ఇచ్చినట్లు రసీదు తీసుకుంది. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వలేదు.

బయటికి వస్తూ విరాళాల డబ్బా దగ్గర ఆగింది. కొంగు ముడి విప్పి పది రూపాయలు వేసింది.

"మీరెందుకమ్మా వేయడం?" అన్నాడు ఆ ఉద్యోగి.

"ఇది ఆయన పేరు మీద" అంది. జెండా తీసుకుని డిశ్చార్జి పుస్తకంలో పెట్టుకుంది.

గౌరవం అంటే ఏమిటి?

పని ఒక్క రోజులో కాలేదు. రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింటికీ జవాబు రాశాం. 2023 మే నెలలో కుటుంబ పింఛను బ్యాంకులో పడింది. పెదనాన్న పోయిన మర్నాటి నుంచి లెక్క కట్టి, ఆగిన నెలల డబ్బు కూడా ఇచ్చారు. పెద్దమ్మ బ్యాంకు పుస్తకంలో ఆ అంకె వేలు పెట్టి చదివింది.

మన రాష్ట్రంలో జవాన్లు ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. దాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా అక్కడి వాళ్లు సైన్యంలో చేరుతున్నారు.

ఏటా జనవరి 14 మాజీ సైనికుల దినం. 2016 నుంచి జరుపుతున్నారు. మన సైన్యానికి తొలి భారతీయ ప్రధాన సేనాని జనరల్ కరియప్ప. ఆయన 1953లో అదే రోజున పదవీ విరమణ చేశారు. మనకది భోగి, సంక్రాంతి రోజులు. అందరూ ఊళ్లోనే ఉంటారు.

2024 సంక్రాంతికి మా ఊళ్లో మాజీ జవాన్లకు శాలువాలు కప్పారు. బాగుంది. కానీ శాలువా ఒక్కరోజు కప్పుతారు. చలి రోజూ ఉంటుంది. జవాను ఇంట్లో కాగితాలు సరిగ్గా ఉన్నాయా? భార్య పేరు రాసి ఉందా? పింఛను వస్తోందా? ఇవి అడగడం కూడా గౌరవమే.

ఆ రోజు పెద్దమ్మ ఒక కాగితం పట్టుకుని వేదిక ఎక్కింది. ఊరి నుంచి సైన్యానికి వెళ్లిన వాళ్ల పేర్లు తానే చదివింది. భర్త పేరు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత గట్టిగా చదివింది.

గుర్తుంచుకుందాం

1. జవాను బతికి ఉండగానే సైన్యం రికార్డులో, ఆధార్‌లో, బ్యాంకులో భార్య పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి.
2. పింఛను తీసుకునేవారు ఏడాదికి ఒకసారి బతికి ఉన్నట్లు ధ్రువపత్రం ఇవ్వాలి. 2020 నుంచి పోస్టుమాన్ ద్వారా ఇంటి దగ్గరే ఇచ్చే వీలు కూడా ఉంది.
3. తెల్ల కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకూడదు.
4. మంచు దట్టంగా ఉంటే ప్రయాణం ఆపాలి. తప్పనిసరైతే డిమ్ లైటు, తక్కువ వేగం, ఇద్దరికీ హెల్మెట్.
5. ట్రాక్టరు, బండి రోడ్డు మీద ఆపకూడదు. వెనక ఎర్ర స్టిక్కరు అతికించాలి.

ప్రశ్నలు

1. డిస్పాచ్ రైడర్ పని ఏమిటి?
2. పెద్దమ్మ తెల్ల కాగితం మీద వేలిముద్ర ఎందుకు వేయలేదు?
3. మంచులో పెద్ద లైటు ఎందుకు వేయకూడదు?
4. పతాక దినం జెండాలో ఏయే రంగులున్నాయి?

చేసి చూడండి

మీ ఊరి నుంచి సైన్యానికి వెళ్లిన వాళ్ల పేర్లు అడిగి తెలుసుకోండి. పుస్తకంలో రాయండి. వాళ్లలో ఒకరి ఇంటికి వెళ్లి, వాళ్ల పెట్టెలో కాగితాలు వాళ్లతో కలిసి చదవండి.