నీళ్లలో ఏముందో చూశాకే ఫిల్టరు
సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అనంతపురం వైపు నుంచి, అవీ ఫిల్టర్ల గురించే. తోటల వాళ్లు రాశారు, మిల్లుల వాళ్లూ రాశారు. బావి దగ్గరున్నా, బాయిలర్ దగ్గరున్నా జాలీ చేసే పని ఒక్కటే కాబట్టి అన్నింటికీ ఇక్కడే జవాబిస్తున్నాను.

మాది చీనీ తోట. బోరులో రెండించుల నీళ్లున్నాయి. 80 మెష్ జాలీ ఫిల్టరు రెండు రోజులకే ఇసుకతో నిండిపోతోంది. 200 మెష్ వేసుకుంటే చెత్త అసలు రాదని షాపాయన అంటున్నాడు. మార్చమంటారా?
– ఒక రైతు, గార్లదిన్నె

మార్చకండి. ఇప్పుడు రెండు రోజులకు నిండేది అప్పుడు రెండు గంటలకే నిండుతుంది. మెష్ అంటే అంగుళం పొడవులో ఎన్ని కన్నాలున్నాయనే లెక్క. అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది. 80 మెష్ కన్నం సుమారు 180 మైక్రాన్లు, 120 మెష్‌ది సుమారు 130, 200 మెష్‌ది 75. డ్రిప్పర్‌లో నీళ్లు పారే దారిలో పదో వంతు నుంచి ఏడో వంతు కంటే పెద్ద రేణువు లోపలికి పోకూడదన్నది అందరూ పాటించే లెక్క. దారి ఒక మిల్లీమీటరు ఉంటే 120 మెష్ సరిపోతుంది. అంతకంటే సన్నది పెడితే డ్రిప్పర్‌కు ఒరిగేదేమీ లేదు, మీకు కడుక్కునే పని మాత్రం పెరుగుతుంది.

కొనే ముందు ఒక పని చేయండి. మోటారు వేసిన ఐదు నిమిషాలకు తెల్లటి ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి, బాగా ఊపి, గట్టు మీద పెట్టండి. అర నిమిషంలో అడుక్కు చేరేది ఇసుక. అరగంట, గంట పట్టేది ఒండ్రు. తెల్లారినా నీళ్లు మసగ్గానే ఉంటే అది బంకమన్ను. పైన తేలేది పాచీ ఆకులూ. ఎంత పెద్ద కంపెనీ ఫిల్టరయినా ఈ సీసా చూడకుండా కొనకండి.

మీరు రాసినదాన్ని బట్టి మీది ఇసుకే. దానికి జాలీ కంటే ముందు హైడ్రోసైక్లోన్ ఉండాలి. నీళ్లు పక్క నుంచి దూరి సుడి తిరుగుతాయి, బరువైన ఇసుక గోడకు కొట్టుకుని కింది డబ్బాలోకి జారుతుంది, నీళ్లు పైనుంచి వెళ్తాయి. 75 మైక్రాన్లకు పైబడిన ఇసుకలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. దాని వెనక 120 మెష్ జాలీ గానీ డిస్క్ ఫిల్టరు గానీ పెట్టండి.

ఒక చిక్కుంది. హైడ్రోసైక్లోన్ బతికేది సుడి మీద. బోరు ఎంత పోస్తుందో కొలిచి, ఆ సైజే తీసుకోవాలి. ముందుముందు పనికొస్తుందని పెద్దది కొంటే సుడి తిరగదు, ఇసుక తిన్నగా దాటిపోతుంది. మన వైపు ఏప్రిల్, మే వచ్చేసరికి రెండించుల బోరు ఇంచుకు పడిపోవడం మీకు తెలియనిది కాదు. కాబట్టి వానాకాలం ధారనే కాక, వేసవి ధారను కూడా దృష్టిలో పెట్టుకుని సైజు చెప్పమనండి. ధార తగ్గినప్పుడు ఒకేసారి తోటంతా కాకుండా భాగాలుగా పారించండి; అప్పుడు సుడి కూడా తగ్గుతుంది కాబట్టి హైడ్రోసైక్లోన్‌ను నమ్ముకుని జాలీని మరచిపోకండి.

ఇంకొకటి. పాత బోరులో ఉన్నట్టుండి ఇసుక మొదలైతే తప్పు ఫిల్టరుది కాకపోవచ్చు. మన బోర్లలో పైనున్న గరుసు పొర వరకే కేసింగ్ దించుతారు, కింద గట్టి రాయి. కేసింగ్ అడుగు రాతి మీద సరిగ్గా కూర్చోకపోతే ఆ సందులోంచి గరుసు జారుతుంది. మోటారు బోరు అడుగుకు మరీ దగ్గరగా ఉన్నా అంతే. నీటి మట్టం చూసి, వీలైతే ఒక పైపు పైకి లాగించి చూడండి.

హంద్రీ-నీవా నీళ్లు కుంటలో నింపుకుని అరటికి డ్రిప్ పెట్టాం. హైడ్రోసైక్లోన్, జాలీ రెండూ ఉన్నాయి. అయినా జాలీకి పచ్చగా జిగురు పడుతోంది, చివరి వరుసలకు నీళ్లు అందడం లేదు.
– ఒక పాఠకుడు, బెళుగుప్ప మండలం

మీది మొదటి ఉత్తరానికి సరిగ్గా తిరగేసిన కథ. శ్రీశైలం వెనక జలాలను మల్యాల దగ్గర ఎత్తి, మెట్టుమెట్టుగా తోడుతూ 2012లో మీ జీడిపల్లి దాకా తెచ్చారు. అంత దూరం కాలువలో పారి, జలాశయంలో ఆగి, మళ్లీ మీ కుంటలో ఎండకు నిలిచిన నీళ్లలో ఇసుక తక్కువ, పాచి ఎక్కువ. పాచి నీళ్లకంటే బరువేమీ కాదు. దాన్ని ఎంత సుడి తిప్పినా పక్కకు పోదు. ఈ నీళ్లకు కావలసింది శాండ్ ఫిల్టరు. జాలీ మీద పాచి ఒక పొరలా అంటుకుంటుంది. ఇసుక మందంలో అయితే లోతుగా చిక్కుకుంటుంది, అందుకని నిండడానికి సమయం పడుతుంది.

శాండ్ ఫిల్టరు పెట్టినవాళ్లలో చాలామంది బ్యాక్‌వాష్ చేయరు. ఫిల్టరుకు ముందొకటి, వెనకొకటి ప్రెజర్ గేజీలు పెట్టించండి. రెండింటి తేడా అరకిలో దాటితే వాల్వులు తిప్పి వెనక నుంచి నీళ్లు పంపాలి. బయటికొచ్చే నీళ్లు తేటపడేదాకా ఆపకూడదు. తేడా ఎంతకీ పెరగకపోయినా సంతోషించకండి. లోపల ఇసుకలో బొరియ పడి నీళ్లు అడ్డదారిన పోతున్నాయేమో, జాలీ చిరిగిందేమో చూసుకోండి. గేజీ ముల్లు పనిచేయడం మానేసి ఏళ్లయినా అలాగే ఉంచే తోటలు ఎన్నో ఉన్నాయి. వందల రూపాయల్లో పోయే గేజీ కోసం పొదుపు చేసి, వేల రూపాయల లేటరళ్లు పారేసుకోవడం ఏం లెక్కో నాకు అంతుపట్టదు.

కుంట అడుగున ఫుట్ వాల్వు పడి ఉంటే ఈ రోజే పైకెత్తండి. ఖాళీ డబ్బా కట్టి, నీటి పైమట్టానికి ఒకటి రెండు అడుగుల కింద వేలాడేలా చేస్తే అడుగు బురదా రాదు, పైన తేలే పాచీ రాదు. బంకమన్ను ఏ ఫిల్టరుకూ పూర్తిగా దొరకదు. అది లేటరల్ చివర్లలో పేరుకుంటుంది. అందుకే వారానికొకసారి ఎండ్ క్యాపులు విప్పి ఫ్లష్ చేయాలి. చివరి వరుసలకు నీళ్లు అందకపోవడానికి సగం కారణం అదే అయ్యుంటుంది.

దానిమ్మకు ఎరువుల ట్యాంకు ఫిల్టరుకు ముందు పెట్టాలా, తర్వాతా? డ్రిప్పర్ల మీద తెల్లగా పేరుకునేదాన్ని ఏ మెష్ ఆపుతుంది? ఫ్లోరైడ్ కూడా పోతుందా?
– కళ్యాణదుర్గం

శాండ్ ఫిల్టరుకు తర్వాత, జాలీకి ముందు. కరగని ఎరువు జాలీలో ఆగాలి. ఎర్ర పొటాష్, డీఏపీ ట్యాంకులో వేయకండి, తెల్ల పొటాష్ వాడండి.

ఆ తెల్లది నీళ్లలో కరిగి ఉన్న సున్నం. కరిగినదాన్ని ఏ జాలీ ఆపలేదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో డ్రిప్పర్ దగ్గర పీహెచ్ 4కు దిగేలా పంపి, ఒక రాత్రి ఉంచి, ఉదయం ఫ్లష్ చేయాలి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. బ్లీచింగ్ పంపే రోజు యాసిడ్ ముట్టుకోకండి, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. ఫ్లోరైడ్‌కూ ఇదే జవాబు. జాలీతో పోదు, తాగే నీళ్లకైతే వేరే శుద్ధి పద్ధతి కావాలి.

మాది జీన్స్ వాషింగ్ యూనిట్. సంపులో నూలు పీచు ఎక్కువని పంపు సక్షన్ పైపుకు 100 మెష్ స్ట్రెయినర్ వేశాం. అప్పటినుంచి పంపులో గులకరాళ్లు వేసి రుబ్బినట్టు చప్పుడు. ఇంపెల్లర్ గుంటలు పడింది.
– రాయదుర్గం

మీ పంపు నీళ్లకు నోచుకోవడం లేదు. పంపు నీళ్లను లాగుతుందని మనం అంటాం కానీ, నిజానికి గాలి ఒత్తిడే వాటిని పైపులోకి తోస్తుంది. సముద్ర మట్టం దగ్గర ఆ ఒత్తిడి 10.3 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. మన పీఠభూమి మీద అందులోనూ కొంత తరుగు. నీళ్లు వేడిగా ఉంటే ఇంకా తరుగు. మిగిలినదాన్ని మీ 100 మెష్ మింగేస్తోంది. ఒత్తిడి పడిపోయి నీళ్లు లోపలే ఆవిరి బుడగలవుతాయి, అవి పగిలినప్పుడు ఇంపెల్లర్ లోహాన్ని కొరుకుతాయి.

సక్షన్ వైపు ముతక జల్లెడే ఉండాలి, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల కన్నాలు చాలు. సన్న జాలీ ఏదైనా డెలివరీ వైపు పెట్టుకోండి, అక్కడ పంపుకు తోసే బలం ఉంటుంది. పీచుకు వై స్ట్రెయినర్ వద్దు, దాని బుట్ట చిన్నది. బాస్కెట్ స్ట్రెయినర్ తీసుకోండి. జాలీలో కన్నాల మొత్తం వైశాల్యం పైపు నోటి వైశాల్యానికి ఎన్ని రెట్లని అడగండి. చెత్త నీళ్లకు కనీసం నాలుగు రెట్లుండాలి. షిఫ్టు మధ్యలో ఆపడం కుదరకపోతే రెండు బుట్టల డూప్లెక్స్ వేసుకోండి, ఒకటి కడుగుతుంటే రెండోది నడుస్తుంది. అసలు సంపుకు ముందే కాలువలో వాలుగా ఒక జల్లెడ నిలబెడితే పీచులో చాలా భాగం చేత్తోనే తీసేయొచ్చు.

బండలు పాలిష్ చేసిన నీళ్లు మళ్లీ వాడుకోవాలి. ఏ స్ట్రెయినర్ మంచిది?
– తాడిపత్రి

ఏదీ కాదు. ఆ రాతి పిండి అంతా సన్నం, జాలీ గంట కూడా నిలవదు. వరుసగా మూడు తొట్లు కట్టి తేరనివ్వండి. ఆఖరి తొట్టి నుంచి తోడే పంపుకు మాత్రం ముతక జల్లెడ పెట్టండి.

వేరుశనగ నూనె మిల్లు మాది. ఆవిరి లైన్లో వై స్ట్రెయినర్ ఉన్నచోట ఉదయం బాయిలర్ వేయగానే సుత్తితో కొట్టినట్టు శబ్దం. కొత్తది వేసినా అంతే.
– అనంతపురం

స్ట్రెయినర్ కాలు ఎటు చూస్తోందో చూడండి. కిందికే ఉండి ఉంటుంది. నీళ్ల లైన్లో అది సరైన పద్ధతే, చెత్త కాలులోకి దిగుతుంది. ఆవిరి లైన్లో మాత్రం చల్లారిన ఆవిరి నీళ్లయి ఆ కాలులో నిలుస్తుంది. ఉదయం వేగంగా వచ్చే ఆవిరి ఆ నీళ్లను ముద్దగా ఎత్తి వంపు మీద కొడుతుంది. అడ్డంగా పోయే ఆవిరి పైపులో కాలును పక్కకు తిప్పి బిగించండి. బాడీ మీది బాణం గుర్తు ఆవిరి పోయే వైపే ఉండాలి. స్టీమ్ ట్రాప్ ముందు 0.8 మిల్లీమీటరు కన్నాల జాలీ సరిపోతుంది. కొత్తగా పైపులు వెల్డింగ్ చేసి ఉంటే మొదటి వారంలోనే ఒకసారి విప్పి చూడండి, తుక్కంతా అప్పుడే వస్తుంది. విప్పేటప్పుడు రెండు వైపులా వాల్వులు మూసి, ఒత్తిడి దించి, పైపు చల్లారాకే మూత మీద స్పానర్ పెట్టించండి.