ఫొటోలతో వేధింపులు: ముందు ఆధారం, తర్వాత తొలగింపు

ప్రశ్న: మహిళ పేరుతో నకిలీ ఖాతా తెరిచి మార్ఫింగ్ ఫొటోలు పెడితే మొదట ఏం చేయాలి?

జవాబు: ఆధారాలు దాచుకోవడం మొదటి పని. కంగారులో చాలామంది ఆ ఖాతాను బ్లాక్ చేసి, మెసేజ్‌లు డిలీట్ చేస్తారు. దాంతో పోలీసులకు చూపించడానికి ఏమీ మిగలదు. స్క్రీన్‌షాట్‌లో ఫొటో ఒక్కటే ఉంటే చాలదు. ఖాతా పేరు, తేదీ, సమయం కూడా కనిపించాలి. ప్రొఫైల్ లింకు, పోస్టు లింకు విడిగా కాపీ చేసి పెట్టుకోవాలి. కేసు తేలేదాకా మెసేజ్‌లు వచ్చిన ఫోన్‌ను ఫార్మాట్ చేయకూడదు. ఇవన్నీ అయ్యాకే బ్లాక్ చేయాలి.

ప్రశ్న: ఆ ఫొటోలు తీసేసే బాధ్యత ఎవరిది?

జవాబు: సోషల్ మీడియా సంస్థదే. ఐటీ చట్టం సెక్షన్ 79 ప్రకారం, ఇతరులు పెట్టిన పోస్టులకు సంస్థలను నేరుగా బాధ్యుల్ని చేయరు. అయితే నియమాలు పాటించిన సంస్థకే ఆ రక్షణ. నగ్నచిత్రాలు, మార్ఫింగ్ ఫొటోలపై బాధితురాలు గానీ ఆమె తరఫువారు గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లోగా చర్య తీసుకోవాలని 2021 ఐటీ నియమాలు గడువు పెట్టాయి. వీటికి సవరణలు వస్తుంటాయి కాబట్టి తాజా గడువు చూసుకోవాలి.

రిపోర్ట్ బటన్ నొక్కి ఊరుకోకుండా, సంస్థ గ్రీవెన్స్ అధికారికి కూడా రాయాలి. అక్కడ న్యాయం జరగకపోతే 30 రోజుల్లోగా కేంద్రం నియమించిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లవచ్చు. తెలుగు బూతులను ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే యంత్రాల వడపోతకు తరచూ దొరకవు. అందుకే ఆ మాటకు అర్థమేమిటో, అది ఎందుకు బెదిరింపో ఫిర్యాదులోనే వివరించాలి.

ప్రశ్న: ఫొటో ఇంకా బయటికి రాలేదు, పెడతానని బెదిరిస్తున్నారు. ఆపే దారి ఉందా?

జవాబు: ఉంది. 2021 డిసెంబరులో మొదలైన స్టాప్‌ఎన్‌సీఐఐ సేవ పద్దెనిమిదేళ్లు నిండినవారి కోసం. ఇందులో ఫొటో ఫోన్ దాటి పోదు. ఫోన్‌లోనే దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది. ఆ కోడ్ మాత్రమే భాగస్వామ్య సంస్థలకు చేరుతుంది. ఎవరైనా అదే ఫొటో పెట్టబోతే వాటి వ్యవస్థ గుర్తుపడుతుంది. భాగస్వాములు కాని సైట్లలో ఇది పనిచేయదు. పిల్లల ఫొటోల కోసం టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉంది. బెదిరించేవాడికి డబ్బు మాత్రం ఇవ్వకూడదు. ఒకసారి ఇస్తే మళ్లీ మళ్లీ అడుగుతాడు.

ప్రశ్న: పోలీసు కేసు ఏ సెక్షన్ల కింద పెట్టవచ్చు?

జవాబు: వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం, మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు. ఏకాంత దృశ్యాలు తీయడం, పంచడం సెక్షన్ 77 కిందికి వస్తుంది. లైంగిక చర్యల వీడియోలు పెడితే ఐటీ చట్టం 67ఎ కింద మొదటి నేరానికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. నేరం తమ పరిధిలోది కాకపోయినా స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. తెలంగాణలో మహిళలపై వేధింపులను అరికట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి పనిచేస్తున్నాయి.

ప్రశ్న: ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

జవాబు: అమ్మాయి ఫోన్ లాక్కోవడం, చదువు మాన్పించడం వేధించేవాడికి బలమిస్తుంది. పరువు పోతుందన్న భయమే అతడి ఆయుధం. తప్పు చేసింది అతడు, ఆమె కాదు. ఆ మాట ఆమెకు చెప్పి, ఫిర్యాదుకు వెంట వెళ్లడం కుటుంబం చేయాల్సిన పని.