ఫోన్ ముందే ఉంటాడు, పాఠం ఎక్కట్లేదు

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే. కెమెరా ఆపేసి పడుకుంటున్నాడు. అడిగితే ‘ఏమీ అర్థం కావట్లేదమ్మా’ అంటాడు. ఏం చేయాలి?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, దీన్ని బద్ధకం అనుకోకండి. తరగతి గదిలో టీచర్ పిల్లల ముఖం చూసి, అర్థం కాలేదని పసిగట్టి మళ్లీ చెబుతారు. ఫోన్‌లో ఆ వీలు లేదు. మైక్ ఆన్ చేసి సందేహం అడిగితే అందరూ వింటారని పిల్లలు జంకుతారు. మెల్లగా అడిగి తెలుసుకోవడానికి పక్కన స్నేహితుడూ లేడు.

ముందు ఎన్ని క్లాసులు పెడుతున్నారో చూడండి. 2020 జులైలో ఆన్‌లైన్ చదువుల కోసం కేంద్రం ఇచ్చిన ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు క్లాసులే, ఒక్కోటి 30–45 నిమిషాలు అన్నారు. అంతకన్నా ఎక్కువ పెడుతుంటే స్కూలువాళ్లతో మొహమాటం లేకుండా మాట్లాడండి. క్లాసయ్యాక విన్నది మీకు చెప్పమనండి. ఆ పాఠం మీకు రాకపోయినా ఫర్వాలేదు, వాడు ఎక్కడ ఆగిపోతే అక్కడే సందేహం ఉన్నట్టు. దాన్ని రాయించి టీచర్‌కు వాట్సాప్‌లో పంపండి. నెట్ సరిగా రాకపోతే టీవీలో టీ-శాట్ ఛానెల్ పాఠాలు చూపించండి. సాయంత్రం స్నేహితుడితో ఫోన్‌లో మాట్లాడుతూ లెక్కలు చేసుకోనివ్వండి. తిట్టడం మాత్రం వద్దు.

తలనొప్పి, కళ్ల మంట ఉండి, తగ్గకపోతే కంటి డాక్టర్‌కు చూపించండి. నిద్ర, తిండి దెబ్బతిని రెండు వారాలైనా కుదుటపడకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా పిల్లల మానసిక నిపుణులను కలవండి. బతకాలని లేదన్న మాట వస్తే ఆ రోజే వెళ్లండి.