కారణం తేలకముందే

అక్కుపల్లి,
12-1-2025.

అమ్మడూ,

డిగ్రీ తర్వాత పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, రిస్క్ అసెస్‌మెంట్ వైపు వెళ్తానన్నావు. మా బావ, అదే మీ నాన్నేమో బీఎడ్ చేయిస్తే చాలంటున్నాడు. నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషిగా నాకు తోచింది రాస్తున్నాను.

రిస్క్ అసెస్‌మెంట్‌కు పునాది 1983లో అమెరికా జాతీయ పరిశోధన మండలి చెప్పిన నాలుగు మెట్లు. హాని చేసేది ఏమిటి, ఎంత మోతాదులో చేస్తుంది, ఎవరి ఒంట్లోకి ఎంత చేరుతోంది, చివరికి ప్రమాదం ఎంత. ఫ్లోరైడ్ విషయంలో ఈ మెట్లు చక్కగా ఎక్కవచ్చు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును గుర్తించారు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు పర్వాలేదని మన దేశ ప్రమాణం. అయితే ఒకే బావి నీళ్లు తాగినా, ఎండలో పనిచేసే కూలీ ఒంట్లోకి చేరేది ఫ్యాను కింద కూర్చున్న గుమస్తాకు చేరేదానికన్నా ఎక్కువ. మూడో మెట్టు అందుకే.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు విషయానికొస్తే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాం. 2019లో అచ్చయిన ఒక సర్వేలో ఇక్కడి పెద్దవాళ్లలో నూటికి సుమారు 18 మందికి కిడ్నీ జబ్బు ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరు, బీపీ లాంటి మామూలు కారణాలు కనిపించలేదు. నీటిలో సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండదెబ్బ, నొప్పి మాత్రలు, వంశం, అన్నిటి మీదా అనుమానమే. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగువా, ఎల్ సాల్వడోర్ చెరుకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. చెరుకు కోసేవాళ్లలో ఎండకు ఒళ్లు ఎండిపోవడం మీద అనుమానం బలంగా ఉంది. అంతమాత్రాన ఆ జవాబును తెచ్చి మన జీడితోటలకు అతికించలేం.

కారణం తేలేదాకా ఆగకుండా ప్రభుత్వం నీళ్లు మార్చింది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని తెచ్చే 700 కోట్ల పథకాన్నీ, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ, ఆస్పత్రినీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. నా లెక్కలో అది సరైన పనే. కారణం రుజువయ్యేదాకా చేతులు కట్టుకోవడం కూడా ఒక నిర్ణయమే, దాని ఖర్చు మనుషులు మోస్తారు. కానీ పని అక్కడితో అయిపోదు. ఏ ఊరికి కుళాయి ఏ నెలలో వచ్చింది, ఏ ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు, కొత్తగా జబ్బు పడ్డవాళ్ల వయసెంత, ఏళ్ల తరబడి రాసుకోవాలి. కొత్త కేసులు తగ్గితే నీటి మీద అనుమానం బలపడుతుంది, తగ్గకపోతే వేరే వైపు వెతకాలి. కిడ్నీ ఏళ్ల మీద పాడవుతుంది కాబట్టి రెండేళ్లకే తీర్పు చెప్పేవాళ్లను నమ్మకు. తెలిసిందెంత, తెలియనిదెంత, అయినా ఇప్పుడు చేయాల్సిందేమిటి అని నిజాయితీగా చెప్పగలగడమే ఈ విద్యలో అసలు పని.

ఉద్యోగాలు లేవని బావ అనుకోవడం తప్పు. కన్సల్టెన్సీలు చాలానే ఉన్నాయి. ఎవరి డబ్బుతో నివేదిక రాస్తున్నావో మాత్రం మరిచిపోకు. పరిశ్రమ పెట్టేవాడే కన్సల్టెంటుకు ఫీజు ఇస్తాడు. సోంపేట దగ్గర బీల అనే చిత్తడినేలలో థర్మల్ కేంద్రానికి మొదట పర్యావరణ అనుమతి దొరికింది. 2010 జూలై 14న ఆ కేంద్రం వద్దన్న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. చిత్తడినేలను చిత్తడినేల అని ముందే సరిగ్గా రాయడం ఎంత పెద్ద పనో దీన్నిబట్టి తెలుసుకో.

ఇక చదువు సంగతి. ఆంధ్రా యూనివర్సిటీకైతే ఏపీ పీజీసెట్, జేఎన్‌యూకైతే సీయూఈటీ రాయాలి. ఎమ్మెస్సీ తర్వాత ఎంటెక్ చేయాలనిపిస్తే, 2021 నుంచి గేట్‌లో పర్యావరణానికి వేరే పేపరు ఉంది. ఏ డిపార్ట్‌మెంట్ అయినా విద్యార్థులను ఊళ్లలోకి ఎన్నిసార్లు తీసుకెళ్తుందో సీనియర్లను అడుగు. స్టాటిస్టిక్స్‌కు భయపడకు, ఎపిడెమియాలజీ ఒక్క పేపరైనా చదువు. నమూనా తీయడం చేత్తో నేర్చుకో. లోహాల పరీక్షకు తీసిన నీటిలో నైట్రిక్ ఆమ్లం కలపకపోతే లోహం సీసా గోడకు అంటుకుపోతుంది, ఎంత ఖరీదైన యంత్రమైనా తక్కువే చూపిస్తుంది.

మన ఊరి మనిషివి కావడం నీకో బలం. రోజుకు ఎన్ని లీటర్లు తాగుతావని అడిగితే మన ఊరి ముసలమ్మ ఏదో ఒకటి చెప్పేస్తుంది. ఎన్ని చెంబులని అడిగితే ఆలోచించి చెబుతుంది. ఆ ఇంటి చెంబును కొలిచి రాసుకో. బయటినుంచి వచ్చిన ప్రశ్నావళికి దొరకని అంకె నీకు దొరుకుతుంది.

బావతో నేను మాట్లాడతాను. ముందు పరీక్షల తేదీలు, రెండేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు ఒక కాగితం మీద రాసి పంపు. అంకెలు చేతిలో ఉంటే మీ నాన్న వింటాడు.

ఇట్లు,
మావయ్య