చిన్నరైతును పశుధనమును

భావనపాడు సంతబొమ్మాళి మండలమునందలి తీరగ్రామము. అచ్చట వలయే ప్రధానము. అయినను చుట్టుప్రక్కల కొద్దిపాటి సేద్యమును గలదు. అట్టిచోట చిన్నరైతు చేతికి నాలుగు రూకలు చిక్కినపుడు ఏ పశువును కొనును? పాలలెక్కయే చూచునని కొంద రందురు. మే మట్లు తలంపము.

ఎద్దులజత సాలున కొలది దినములే దున్నును. మేత యేడాదియంతయు కావలయును. బాడుగ ట్రాక్టరు పని త్వరగా ముగించును. అయినను ఏరువాక పున్నమనాడు పూజించుటకు వాకిట ఎద్దు లేని రైతు చిన్నబోవును. అరణముగా వచ్చిన యావును ఇల్లాలి సమ్మతి లేక అమ్ముట మర్యాద గాదు. గ్రామదేవతకు మ్రొక్కిన పొట్టేలు ఎంత ధర పలికినను సంతకు పోదు.

గోపూజకు మూలము ఎద్దులయొక్కయు పేడయొక్కయు నుపయోగమే యని 1966లో అమెరికా పండితుడు మార్విన్ హారిస్ వాదించెను. ఇది సగమే నిజమని మా యభిప్రాయము. ఉపయోగము తగ్గినను పూజ తగ్గలేదు గదా! గేదె కంత పూజ లేదు. కావుననే దానిని కొనుటయు నమ్ముటయు సులభము.

పశువే పొదుపైనచోట భయ మొకటి గలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లా తీరమును దాటినపుడు కొబ్బరిచెట్లతోపాటు పశువులును నశించినవి. అట్టి రాత్రి కట్టుత్రాడు విప్పినచో పశువు తప్పిపోవును. విప్పనిచో పాకక్రింద నలుగును.