మొసలి కన్నీరు: ఒక ఆంగ్ల నుడికారం కథ



లోపల దుఃఖం లేకపోయినా, పైకి దుఃఖిస్తున్నట్టు నటించడాన్ని ఆంగ్లంలో 'క్రొకడైల్ టియర్స్' అంటారు. మన తెలుగులో 'మొసలి కన్నీరు' అంటాం. అన్న చనిపోగానే ఆయన వాటా పొలాన్ని తన పేర రాయించుకున్న తమ్ముడు, పదిమంది ముందు "మా వదిన, పిల్లల గతి ఏమవుతుందో!" అని కళ్ళు తుడుచుకున్నాడనుకోండి. అది మొసలి కన్నీరే. తెలుగులో 'కార్చడం' అన్నట్టే ఆంగ్లంలో 'షెడ్' అనే క్రియ వాడతారు. 'టియర్స్' అని బహువచనంలోనే రాయాలని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఈ మాట ఎలా పుట్టింది? మొసలి తాను చంపిన మనిషిని తింటూ ఏడుస్తుందని పూర్వం ఐరోపాలో నమ్మేవారు. 14వ శతాబ్దంలో వెలువడి, పలు భాషల్లోకి వెళ్ళిన 'సర్ జాన్ మాండవిల్ యాత్రలు' అనే గ్రంథం ఈ నమ్మకాన్ని బాగా వ్యాప్తి చేసింది. మొసలిని ఎన్నడూ చూడనివారు కూడా దాన్ని నిజమనుకున్నారు. తరువాత షేక్స్‌పియర్ తన 'ఒథెల్లో' నాటకంలో ఈ భావాన్ని వాడుకున్నాడు.

మరి మొసలి నిజంగా ఏడుస్తుందా? దాని కళ్ళలో కన్నీటి గ్రంథులు ఉన్నాయి. కంటిని తడిగా ఉంచడం వాటి పని. అమెరికాలోని ఫ్లోరిడాలో కెంట్ వ్లీట్ అనే శాస్త్రవేత్త మొసలి జాతికి దగ్గరి బంధువులైన ఎలిగేటర్లు, కేమన్లకు ఒడ్డున మేత పెట్టించి పరిశీలించారు. ఏడింటిలో ఐదింటికి తింటుండగా కళ్ళు చెమర్చాయి. 2007లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. తినేటప్పుడు అవి బుసకొడుతూ గాలి వదలడం వల్ల కన్నీరు బయటికి వస్తుండవచ్చని అంచనా. అంటే కన్నీరు నిజమే. అందులో దుఃఖమూ లేదు, మోసమూ లేదు. మోసం మనిషి గుణం. దాన్ని మొసలికి అంటగట్టాం.

ఇంకొక సంగతి అందరూ తెలుసుకోవాలి. ముఖానికి పక్షవాతం వచ్చి తగ్గిన కొందరికి భోజనం చేసేటప్పుడు ఒక కంట నీరు కారుతుంది. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేటప్పుడు, లాలాజల గ్రంథికి చేరవలసిన పోగులు దారి తప్పి కన్నీటి గ్రంథికి చేరడమే దీనికి కారణం. రష్యా వైద్యుడు బొగరాద్ 1928లో దీనికి 'మొసలి కన్నీటి లక్షణం' అని పేరు పెట్టారు. మన ఇళ్ళలో ఏ తాతగారికో, అమ్మమ్మకో ఇలా జరిగితే "అన్నం ముందు ఏడుపెందుకు?" అని కసురుకోకండి. వైద్యుని వద్దకు తీసుకెళ్ళండి. దీనికి చికిత్స ఉంది.

కన్నీటిని మాత్రమే చూసి ఒకరిని నమ్మడమూ, అనుమానించడమూ రెండూ పొరపాటే. పై ఉదాహరణలోని తమ్ముడి మనసు తెలియాలంటే అతని కళ్ళను కాదు, పొలం కాగితాలను చూడాలి.