‘పుట్ ఆఫ్’ అను ఆంగ్ల క్రియాపదము

ఆంగ్లమున ‘పుట్’ అనగా ఉంచుట, ‘ఆఫ్’ అనగా దూరముగా అని మన విద్యార్థు లెఱుగుదురు. ఈ రెంటిని కూడి యర్థము చెప్పబోయినచో చిక్కు వచ్చును. 2013వ సంవత్సరమున తంతి నిలిచిపోవుటకు ముందటి మాటగా తలంపుడు. పెండ్లి నాలుగు దినము లున్నదనగా దర్శిలోని పెండ్లికూతురి యింటికి, ముహూర్తము ‘పుట్ ఆఫ్’ అయినదని మగపెండ్లివారి తంతి వచ్చినది. ఇంటిలో నింగ్లీషు చదువు పిల్లవాడు, మనలను దూరముగా నెట్టివేసిరని చెప్పెనేని ఆ తల్లిదండ్రుల గతి యేమి? వేసిన పందిరి విప్పించి యేడ్చుచు కూర్చుందురు. పెండ్లి మఱియొక దినమునకు మార్చితి మనుటయే దాని యర్థము. మానుకొంటి మనుటకు ‘కాల్ ఆఫ్’ అని వ్రాయవలెను.

ఇట్టి పదములు మనకు క్రొత్తవి కావు. ‘కనిపెట్టు’ అనగా చూచి యొకచోట పెట్టుట కాదు గదా! దొంగను కనిపెట్టుట యొకటి. వానకై కనిపెట్టుకొని యుండుట వేఱొకటి. తెలుగు బైబిలు చదువువారికి రెండవది మిక్కిలి పరిచితము. తెలుగు నేర్వవచ్చిన విదేశీయులకు ఈ మాట యెట్టిదో, మన బాలురకు ‘పుట్ ఆఫ్’ అట్టిది.

దర్శి బ్రాంచి కాలువకు సాగరు నీరు ఆలస్యమైనచో రైతు నాట్లు వెనుకకు జరుపును. దీనిని ‘పుట్ ఆఫ్ ది ప్లాంటింగ్’ అనినను, ‘పుట్ ది ప్లాంటింగ్ ఆఫ్’ అనినను సాధువే. సర్వనామము వచ్చినపుడు మాత్రము ‘పుట్ ఇట్ ఆఫ్’ అనియే యనవలెను. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. మేము దిద్దు పుస్తకములలో ఎఱ్ఱసిరా యెక్కువగా వ్యయమగున దిచ్చటనే. వెంట వేఱొక క్రియ వచ్చినచో ‘పుట్ ఆఫ్ గోయింగ్’ అనవలెనే గాని ‘పుట్ ఆఫ్ టు గో’ అనరాదు.

మనుష్యుని గూర్చి చెప్పినపుడు అర్థము మాఱును. బాకీ యడుగ వచ్చినవానిని రేపు రమ్ము, మాపు రమ్మని త్రిప్పుటయు ‘పుట్ ఆఫ్’ చేయుటయే. దీనికి ఉదాహరణములు వెదకుకొన నక్కఱలేదు. దుర్గంధము వలన భోజనము వెగటగుటకును ఈ మాటయే చెల్లును.

చెప్పులు విడుచుట యను ప్రాచీనార్థ మొకటి కలదు. 1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలులో మోషే పాదరక్షల విషయమున ఇదియే వాడబడినది. నేడు ‘టేక్ ఆఫ్’ అందురు.

ఇక దీపము. దానిని ‘పుట్ ఆఫ్’ చేయుమనుట మన వైపున తఱచుగా వినబడును. నూనెదీపమునకు ‘పుట్ ఔట్’, విద్యుద్దీపమునకు ‘స్విచ్ ఆఫ్’ అనుట మేలు. లేనిచో వినువాడు, దీపము ఏ తేదీకి వాయిదా పడినదని అడుగవచ్చును.